పట్టా హైదరాబాదులో, పాఠం ఉషేగావ్‌లో

లలిత కళల్లో పోస్టు గ్రాడ్యుయేషన్ అంటే ఎంఎఫ్ఏ. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఏ, ఆపైన మరో రెండేళ్లు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి ఈ చదువుకు వెళ్లేవారు ఎక్కువగా హైదరాబాదు బస్సే ఎక్కుతారు. మాసబ్‌ట్యాంకులోని లలిత కళల కళాశాల నిజాం పాలనలో, 1940లో మొదలైంది. ఇప్పుడది 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగం. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో 1988లో నెలకొన్న సరోజినీ నాయుడు స్కూలు చిత్రలేఖనం, ప్రింట్‌మేకింగ్, శిల్పం, కళా చరిత్ర చెబుతుంది. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ శిల్ప, చిత్రకళా శాఖలున్నాయి. ఇంకా దూరం పోగలిగినవారికి 1950లో మొదలైన బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ, 1919 నాటి శాంతినికేతన్ కళాభవన్ ఉన్నాయి.

ప్రవేశానికి మార్కుల కన్నా పోర్ట్‌ఫోలియో బరువైనది. ఫొటో ముందు పెట్టుకుని అచ్చుగుద్దినట్టు దించిన పది బొమ్మల కంటే, ఊరి సంతలో నిలబడి గీసిన స్కెచ్చుల పుస్తకం విద్యార్థి చూపును ఎక్కువగా పట్టిస్తుంది. ఇంటర్వ్యూలో వచ్చే అసలు ప్రశ్న కూడా ఒకటే: ఈ బొమ్మ ఎందుకు వేశావు?

ఆ ప్రశ్న చేరాక కూడా వదలదు. బీఎఫ్ఏలో చేతికి పని నేర్పుతారు, ఎంఎఫ్ఏలో ఆ చేతికి ఏం పని పెట్టాలో విద్యార్థే తేల్చుకోవాలి. ప్రింట్‌మేకింగ్ స్టూడియోలో కాసేపు నిలబడితే ఈ తేడా తెలుస్తుంది. ఎచింగ్‌కి జింకు రేకును నూనె మరక లేకుండా తుడిచి, దాని మీద మైనపు పూత పలచగా పరుస్తారు. ఆ పూతను సూదితో గీకుతూ బొమ్మ గీస్తారు. రేకును ఆసిడ్‌లో ముంచితే సూది తగిలిన చోటల్లా లోహం తినుకుపోయి గాడి పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతై నల్లగా వస్తుంది, తొందరగా తీస్తే వెంట్రుకలా సన్నంగా నిలుస్తుంది. ఆ తర్వాత పూత తీసి, సిరా రుద్ది, పైపైన ఉన్నది తుడిచేస్తే గాడుల్లోది మాత్రమే మిగులుతుంది. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి ప్రెస్సు తిప్పితే బొమ్మ కుడిఎడమగా దిగుతుంది. ఇంతవరకూ చూపించి నేర్పవచ్చు. ఆ రేకు మీద ఏం గీయాలన్నది మాత్రం ఏ మాస్టారూ చెప్పరు, చెప్పకూడదు కూడా.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె.లక్ష్మాగౌడ్ బరోడాలో ఈ విద్య నేర్చి, తన ఊరి మనుషులనూ మేకలనూ చెట్లనూ రేకు మీదికి తెచ్చారు. ఆ తర్వాత సరోజినీ నాయుడు స్కూలులోనే పాఠం చెప్పారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం కూడా హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నిండైన ఒళ్లుతో ఆయన బొమ్మల్లో నిలిచే స్త్రీ తెలంగాణ పల్లె మనిషి. ‘దాసి’ సినిమా కళాదర్శకత్వానికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. వీరిద్దరికన్నా ముందు కరీంనగర్ జిల్లాలోనే 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి, అంటే పి.టి.రెడ్డి, బొంబాయి జె.జె. స్కూలులో చదివారు. 1941లో మరో నలుగురితో కలిసి బాంబే కాంటెంపరరీ ఇండియన్ ఆర్టిస్ట్స్ అనే బృందం కట్టారు. దేశమంతా చెప్పుకునే ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ 1947లో గానీ పుట్టలేదు. కరీంనగర్ పిల్లలకు చిన్నప్పుడే చెప్పవలసిన సంగతి ఇది.

రెండో ఏడాది స్టూడియో పనికి తోడు పరిశోధన పత్రం రాయాలి. చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే. యూరప్ చిత్రకారుల గురించి పుస్తకాల్లో ఉన్నదాన్ని మళ్లీ రాసి ముగించడం తేలిక. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన విద్యార్థికి ఆ అవసరం లేదు. రాయదగిన విషయం సొంత ప్రాంతంలోనే మూడు చోట్ల పనిశాలల్లో దొరుకుతుంది.

మొదటిది కరీంనగర్ వెండి తీగ పని, ఫిలిగ్రీ. పాత కోట ఉన్న ఎలగందుల నుంచి ఈ విద్య పట్నానికి వచ్చిందని చెబుతారు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. వెండిని కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చు చిల్లుల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతూ సన్నని తీగ తీస్తారు. రెండు తీగలను పేని, చదును చేసి, శ్రావణంతో వంచుతూ ఆకుల్లా, చుట్టల్లా మలుస్తారు. వాటిని చట్రంలో పేర్చి, వెలిగారం తోడుతో అతుకుతారు. అత్తరుదానులు, పాన్‌దాన్లు, పళ్లేలు ఇలా తయారవుతాయి. శిల్పం చదివే విద్యార్థి ఇక్కడ గమనించవలసింది ఖాళీని. తీగ మధ్య వదిలిన చోటే డిజైనుకు ప్రాణం.

రెండోది నిర్మల్. ఇక్కడి బొమ్మలకు వాడేది తేలికైన పొణికి చెక్క. ఎండిన దుంగను కోసి, అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. సుద్ద పూత ఆరాక రంగులు వేస్తారు. పళ్లు, పక్షులు, జంతువులు ఇక్కడి పేరు మోసిన సరుకు. నల్లని నేల మీద బంగారు వన్నె మెరిసే నిర్మల్ చిత్రాలు వేరే శాఖ. పనివాళ్ల పెద్ద బెంగ కర్ర గురించే. అడవిలో పొణికి తగ్గిపోతోంది, నాటిన చెట్టు చెక్కకు రావడానికి ఏళ్లు పడుతుంది. బొమ్మల అందం గురించి పేజీలు రాసి ఈ చెట్టు ఊసెత్తని పరిశోధన సగమే.

మూడోది ఉట్నూరు దాటి జైనూరు మండలంలోని ఉషేగావ్. 2016లో జిల్లాలు విడిపోయాక అది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి ఓజ కుటుంబాలు గోండులకూ కోలాములకూ కావలసిన దేవతామూర్తులు, గంటలు, గజ్జెలు పోసి ఇస్తాయి. ఆదిలాబాద్ డోక్రాగా ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కళాశాలలో ‘లాస్ట్ వ్యాక్స్’ అని చదివే పద్ధతి ఇక్కడ పెరట్లో జరుగుతుంది. మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. మైనాన్ని దారాల్లా సాగదీసి దాని చుట్టూ పక్కపక్కనే చుడతారు. కన్ను, ముక్కు, నగ అన్నీ మైనపు దారాలే. దాని మీద మెత్తని మట్టి, ఆపైన గరుకు మట్టి పట్టించి, ఒక దారి వదిలి కాలుస్తారు. మైనం కరిగి పోగా మిగిలిన సందులోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే రెండు బొమ్మలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఎచింగ్ రేకు నుంచి ఎన్నో ప్రతులు తీయడం నేర్చుకున్న విద్యార్థికి, ఒక్కటే ప్రతి ఇచ్చి పోయే ఈ అచ్చు మంచి ఆలోచన రేపుతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఇక్కడ బొమ్మ గ్యాలరీ కోసం పుట్టదు, పూజకు వెళ్తుంది. అడిగేవాడు ఎవరు, ఎందుకు అడుగుతున్నాడు అన్నది పోసేవాడికి ముందే తెలుసు. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకు ఇంత సూటి జవాబు స్టూడియోలో దొరకడం కష్టం.

పట్టా అందాక దారులు కొన్నే. కళాశాలల్లో బోధించాలంటే విజువల్ ఆర్ట్స్‌లో యూజీసీ నెట్ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయల స్కాలర్‌షిప్, 25 దాటి 40 లోపువారికి నెలకు 10,000 రూపాయల జూనియర్ ఫెలోషిప్ ఇస్తుంది. జిల్లాల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. హైదరాబాదు గది అద్దెకు ఈ సొమ్ము చాలకపోవచ్చు గానీ, ఊళ్లో ఉండి పనిశాలలకు తిరిగి పనిచేసేవారికి ఆసరా అవుతుంది.

ఈ పనిశాలలకు వెళ్లే విద్యార్థులు ఒక మాట పాటించాలి. డిజైను ఫొటో తీసుకుని వచ్చేయకూడదు. నేర్పిన పనివారిని అడిగి, వారి పేరు పత్రంలో రాయాలి. వారి సమయానికి రోజు కూలి లెక్కగట్టి ఇవ్వాలి. అచ్చయిన పత్రం ప్రతి ఒకటి ఆ ఇంటికి చేర్చాలి. విభాగాలు కూడా ఈ ఖర్చును పరిశోధన ఖర్చుగానే లెక్కలో రాయాలి.