రెడ్ వైన్ పెట్టె, మిట్టమధ్యాహ్నపు ఎండ

సోనాపూర్ క్యాంపులో మా గదికి ఎనిమిది మందిమి. అందులో నలుగురం తెలుగువాళ్లం. మాది షట్టరింగ్ పని కాదు, పెయింటింగ్ పని కాదు, హోటల్ పని. హోటల్ మమ్మల్ని నేరుగా పెట్టుకోలేదు లెండి. మనుషుల్ని సప్లై చేసే కంపెనీ వీసా మీద వచ్చాం. ఏ హోటల్లో పెళ్లి ఉంటే అక్కడికి బస్సులో పోయి, ప్లేట్లు మోసి, గ్లాసులు తుడిచి, రాత్రి రెండింటికి క్యాంపుకు చేరతాం. "మీకేంది, ఏసీల పని, రోజూ బిర్యానీ" అని పక్క గదివాళ్లు అంటుంటారు. ఏసీ మాట నిజమే, బిర్యానీ మాట అబద్ధం. ఈ మధ్య ఇంకో ప్రశ్న మొదలైంది. "సీసా వెయ్యి దిర్హాములట గదా ఆ రెడ్ వైన్, అదెట్లుంటదో చెప్పరాదే?" అని. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం. ముందే చెబుతున్నాం, ఆ వైన్‌కు మాలో ఇద్దరం ఆరు నెలలు డబ్బు కట్టాం. తాగింది మాత్రం అందరం కలిపి ఒక టీ కప్పుడు కూడా లేదు.

2023 జూలైలో ఒక పెళ్లి విందు. పన్నెండు దాటాక సామాను వ్యాన్ వచ్చింది. నీళ్ల పెట్టెలు, కూల్‌డ్రింకులు, గ్లాసుల ట్రేలు, వాటితోపాటు ఆరు సీసాల వైన్ పెట్టె ఒకటి. సగం దించామో లేదో పన్నెండున్నర అయింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది గదా. "అందరూ లోపలికి రండి, ఎవరైనా చూస్తే ఫైన్ పడుద్ది" అని సూపర్‌వైజర్ కేకేశాడు. మేం లోపలికి పోయాం. పెట్టె గోడ పక్కన ఉండిపోయింది. మధ్యాహ్నం విరామం మనుషులకే గానీ పెట్టెలకు లేదు. మూడింటికి వచ్చి దాన్ని లోపల పెట్టాం. అట్ట కాలుతోంది. జూలైలో ఏది కాలదు, అనుకున్నాం.

రాత్రి ఆ పెట్టెలోని సీసా పెద్ద బల్ల మీదికి పోయింది. మూత రేకు తీసేసరికి బిరడా కొద్దిగా పైకి తన్నుకొచ్చి ఉంది. పెళ్లికొడుకు తండ్రి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నోట పోసుకోకుండానే కింద పెట్టేశాడు. మా కెప్టెన్ గోవా మనిషి, వైన్ సంగతి తెలిసినవాడు. వాసన చూసి ఒక్క మాటే అన్నాడు, "ఉడికిపోయింది" అని. మిగతా అయిదు సీసాలూ అంతే. నిజంగానే అడుగంటిన జామ్ వాసన వచ్చింది.

మరో వారానికి కంపెనీ ఆఫీసులో ఒక కాగితం ముందు పెట్టారు. ఇంగ్లీషు, అరబ్బీ. మాకు రెండూ చదవరావు. సంతకాలు పెట్టాం. కొన్న ధర సీసాకు 300 దిర్హాములు, ఆరింటికి 1,800. ఇద్దరి జీతాల్లో నెలకు 150 చొప్పున ఆరు నెలలు కోత. మా జీతం 1,200. లోపలికి రమ్మన్నది మేం కాదు అని చెప్పుకోవడానికి మాకు భాష రాలేదు, సూపర్‌వైజర్‌కు నోరు రాలేదు.

కోత పడిన ఇద్దరిలో మా గౌడన్న ఒకడు. జగిత్యాల వైపు ఊరు, తాళ్లెక్కిన మనిషి. ఆయనకు డబ్బు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. "పొద్దున దించిన కల్లు ఎండెక్కితే పులుస్తది, నాకు ఎరుకే. గిది సీసాల బిరడా ఏసి ఉన్నది, గిదెందుకు ఖరాబైతది?" అని కెప్టెన్‌ను పట్టుకుని అడిగాడు. తిట్టడానికి వచ్చాడనుకున్న కెప్టెన్‌కు ముచ్చటేసింది. ఖాళీగా ఉన్న ఒక సాయంత్రం మమ్మల్ని ప్యాంట్రీలో నిలబెట్టి మొదటి నుంచి చెప్పాడు.

ఆ వైన్ ఫ్రాన్స్‌లోని బోర్డో అనే చోటుది. ఒక్క రకం ద్రాక్షతో చేసింది కాదు, కలిపింది. ఆ మాటకు గౌడన్న మొహం మారింది. "అంత ఖరీదుదాంట్ల కలుపుడేంది?" అన్నాడు. కలుపుడంటే మన దగ్గర కల్తీయే గదా. డిపోల్లో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపిన కల్లు వచ్చాక చెట్టు కల్లు అడిగేవాళ్లు తగ్గారు. ఆయన చెట్టు దిగి విమానం ఎక్కింది అందుకే.

కెప్టెన్ ఓపిగ్గా చెప్పాడు. అక్కడ ముఖ్యమైన ద్రాక్షలు రెండు. కాబర్నే సావిన్యాన్ గింజ చిన్నది, తోలు మందం, ఆలస్యంగా పండుతుంది. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టుంటుందే, ఆ వగరు దీనిది. మెర్లో ముందే పండుతుంది, మెత్తన, గుజ్జు రుచి. వసంతంలో మంచు కురిస్తే ముందే చిగురేసే మెర్లోకు దెబ్బ. కోతల వేళ వాన పడితే ఆలస్యంగా పండే కాబర్నేకు దెబ్బ. అందుకే ఆ రైతులు రెండూ వేస్తారు. రంగుకు, ఘాటుకు పెటీ వెర్దో అనేది కొంచెం. నది ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేల, అక్కడ కాబర్నే ఎక్కువ. కుడి ఒడ్డున బంకమట్టి, అక్కడ మెర్లో ఎక్కువ. మన పత్తిలో కంది సాళ్లు వేసినట్టే. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుంది.

అయితే తోటలో కలిసి కోసి ఒక్క తొట్టిలో పోయరు. దేని వైన్ దానికే విడిగా చేసి, ఆ తర్వాత రుచి చూస్తూ ఇదింత, అదింత అని కలుపుతారు. మంచివాటిని 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర, రెండేళ్లు ఉంచుతారు. పీపాకు 300 సీసాలు. గౌడన్న అప్పటికి నవ్వాడు. "గిదా! ఒక చెట్టు కల్లు తీపి, ఇంకో చెట్టుది పులుపు. నాలుగు లొట్లు ఒక్క కుండల వంచితేనే గదా రుచి. గిది కల్తీ కాదు, పొత్తు." అంత దూరం పోనక్కర్లేదు, బెంగళూరు దగ్గర నంది కొండల కింద గ్రోవర్‌వాళ్లు కాబర్నే, షిరాజ్ కలిపి లా రిజర్వ్ అనే రెడ్ చేస్తారని కూడా కెప్టెన్ చెప్పాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు మాట్లాడతారు. మేం వలస వచ్చిన దారిలోనే ఉందన్నమాట.

ఇక తాగే పద్ధతి. రెడ్ వైన్ గది వేడిలో ఉండాలని పుస్తకాల్లో రాస్తారట. ఎవరి గది? ఏసీ చెడిన మా గదిలో పెడితే మళ్లీ జీతం కోతే. ఆ మాట చలిదేశాల పాత ఇళ్లది. 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. దుబాయ్‌లో అయితే తెరవడానికి ముందు ఓ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టినా తప్పులేదు. పాత సీసా అయితే అడుగున మడ్డి ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా వేరే గాజు కూజాలోకి వంచాలి, మడ్డి మెడ దాకా రాగానే ఆపాలి. కొత్తదయినా కూజాలో ఓ గంట గాలి తగిలితే వగరు మెత్తబడుతుంది. గ్లాసులో మూడోవంతుకు మించి పోయకూడదు. తక్కువ పోశారని అతిథులు గొణిగితే నవ్వి ఊరుకోవాలి. మిగతా ఖాళీ అంతా వాసనకు. గ్లాసును కాడతో పట్టుకుని తిప్పి, ముక్కు లోపల పెట్టి వాసన చూసి, ఆ తర్వాతే గుక్క. గుక్కను నోట్లో కాసేపు నిలపాలి. పక్కన వేయించిన మేక మాంసమో, గొర్రె మాంసమో ఉంటే వగరు కొవ్వును కోస్తుంది. మన కారం పులుసులతో మాత్రం సరిపడదు, నోరంతా మండుతుంది.

మాలో నిజామాబాద్ భాయ్ చుక్క ముట్టడు. పోసే పని వద్దని, గ్లాసులు తుడిచే పని అడిగి తీసుకున్నాడు. కానీ ముక్కు ఆయనదే. ఒకసారి తెరిచిన సీసా పక్కనుంచి పోతూ "ఇందులో తడిసిన అట్టపెట్టె వాసన" అన్నాడు. కెప్టెన్ చూసి అవునన్నాడు. బిరడా చెడితే వచ్చే వాసనే అదట. భాయ్‌కు అదెట్లా తెలిసిందంటే, ఇంటికి పంపడానికి సర్ది మంచం కింద పెట్టుకున్న కార్గో పెట్టె ఆ ఏడాదే ఏసీ నీళ్లకు నానింది. పిల్లల బట్టలన్నిటికీ ఆ వాసన పట్టింది.

ఆ సాయంత్రం చివర కెప్టెన్ మా ముగ్గురికీ గ్లాసులో రెండేసి చెంచాలు పోశాడు. మొదట వగరు, తర్వాత నల్ల పండ్ల పులుపు, కొంచెం ఆగాక పొగాకు లాంటిదేదో. మాలో ఒకడికి నచ్చలేదు, థమ్సప్ నయమన్నాడు. గౌడన్న కళ్లు మూసుకుని చాలాసేపు మింగలేదు. "తొందరపడితే దొరకది," అన్నాడు.

ఇది చదివి ఎవరైనా క్యాంపులో దొంగచాటుగా అమ్మే సీసా కొనకండి. 2025 ఆగస్టులో కువైట్‌లో మెథనాల్ కలిసిన సారా తాగి 23 మంది చనిపోయారు. చూపు పోయినవాళ్లూ ఉన్నారు. అందులో మన దేశపువాళ్లూ ఉన్నారు. గౌడన్న లెక్కలో ఆ కలుపుడు వేరు.

కోత 2024 జనవరి జీతంతో తీరింది. ఇప్పుడు ఎండాకాలంలో వ్యాన్ వస్తే మేం ముందు చూసేది వైన్ పెట్టె కోసమే. పన్నెండుంబావు కాగానే గౌడన్న దాన్ని భుజాన వేసుకుని చల్లటి స్టోర్‌లో పెట్టి, తలుపు రెండుసార్లు లాగి చూసి వస్తాడు. నీళ్ల పెట్టెలు ఇప్పటికీ గోడ పక్కనే ఉంటాయి. మూడింటికి పని మొదలెట్టేటప్పుడు మేం తాగేవి అవే.