కిస్మిస్ ఉన్నవి, లేనివి

మొదటిసారి పాలు మరగబెట్టాను. అలవాటు. మా ఇంట్లో పాలంటే పొంగొచ్చేదాకా కాచాల్సిందే, ప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని రాసున్నా సరే. ఆ కాగిన పాలు చల్లారాయో లేదో చూడకుండానే ఈస్ట్ ప్యాకెట్ చింపి అందులో పోసేశాను. పది నిమిషాల్లో నురగ రావాలని రెసిపీలో ఉంది. అరగంట చూశాను. గోధుమరంగు గింజలు గిన్నె అడుక్కి చేరి బురదలా కూర్చున్నాయి. ఈస్ట్ ప్రాణమున్న వస్తువనీ, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొచ్చేసరికి చచ్చిపోతుందనీ తర్వాత తెలిసింది. దానికి కావలసింది గోరువెచ్చదనం. పాలు తోడేసే ముందు మా అమ్మ వేలు ముంచి చూసుకునేది కదా, దాదాపు ఆ వేడి. తోడు పెట్టడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాణ్ణే. కానీ వేలు ముంచింది మా అమ్మ, నేను కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూసినవాడికి తెలిసేది అంతే.

ఇదంతా ఒక శుక్రవారం రాత్రి, మిషిగన్‌లో, ఒక రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో. మా అమ్మాయి పక్కగదిలో నిద్రపోతోంది. పదేళ్ళది. రెండు వారాలకోసారి నా దగ్గరికొస్తుంది, శుక్రవారం సాయంత్రం ఆరింటి నుంచి ఆదివారం సాయంత్రం ఐదింటి దాకా. ఇక్కడి కోర్టు కాగితాల్లో దీన్ని పేరెంటింగ్ టైమ్ అంటారు. మా అమ్మ మాత్రం ఫోన్లో "పిల్లొచ్చిందా" అని అడిగి ఊరుకుంటుంది. వచ్చిందంటే ఒక రకంగా, రాలేదంటే ఇంకో రకంగా మాట్లాడుతుంది.

రోల్స్ చెయ్యమని పిల్ల నన్ను అడగలేదు. ఒక శనివారం పొద్దున సీరియల్ తింటూ, చెంచాతో పాలు కెలుకుతూ, "పాత ఇంట్లో సాటర్‌డే సినమన్ స్మెల్ వచ్చేది కదా నాన్నా" అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అడిగుంటే దుకాణంలో కొనిచ్చేసి చేతులు దులుపుకునేవాణ్ణేమో.

నిజానికి నా ముక్కుకి దాల్చినచెక్క అంటే మాంసం. ఆదివారం పదకొండింటికి వీధిలో ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో చెప్పే వాసన. మా ఇంట్లో దానికి పూర్తి పేరు కూడా లేదు, 'చెక్కాలవంగాలు' అని జంటగా పలకడమే. మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు విమానాశ్రయంలో ఎక్కడినుంచో ఆ వాసన గుప్పుమంటే, ఆకలి మీదున్నానేమో, ఇక్కడెవరో బిర్యానీ వండుతున్నారనుకుని వెతుక్కుంటూ పోయాను. తీరా చూస్తే అద్దాల వెనక పిడికిలంత బన్నులు, వాటి మీద కారుతున్న తెల్లటి పంచదార. కొరికితే బిర్యానీలో చక్కెర పోసినట్టనిపించింది. సగం పారేశాను.

అలవాటు పడ్డానికి ఏడాది పట్టింది. అలవాటయ్యాక దాని గురించి చదవడం మొదలుపెట్టాను. చెయ్యి ఆడనిచోట చదువుకోవడం నాకు పాత జబ్బు. దాల్చిన అనే మాట పారశీకం నుంచి వచ్చింది. దార్ చీనీ, చీనా చెక్క. అమెరికా దుకాణాల్లో దొరికే పొడి చాలావరకు కాసియా రకం. మన మసాలా డబ్బాలో దళసరిగా, గరుకుగా ఉండే చెక్క కూడా ఎక్కువగా అదే. శ్రీలంకది వేరు. కాగితంలా పల్చటి పొరలు చుట్టలా చుట్టుకుని ఉంటాయి, ఘాటు తక్కువ. స్వీడన్ వాళ్ళయితే ఈ రోల్స్‌కి ఒక రోజే కేటాయించారు. 1999 నుంచి ఏటా అక్టోబర్ 4న చేసుకుంటారట. వాళ్ళు పిండిలో యాలకులు కొట్టి వేస్తారు, చెక్కపొడి మాత్రం లోపలి పూతలోనే. ఎక్కడో చలిదేశంలో మైదాపిండిలో యాలకులు వేసి కలిపే మనుషులున్నారని తెలిస్తే ఏదో దూరపు చుట్టరికం కలిసినట్టనిపించింది. చెక్కపొడి పిండిలో ఎక్కువ కలిపితే ఈస్ట్ మందగిస్తుంది. క్రిములను అడ్డుకునే గుణం దానికుంది మరి. అందుకే దాన్ని బయట కాపలా ఉంచి చుట్టేస్తారు.

ఈ పరిజ్ఞానంతో రెండోసారి చేసినవి రాళ్ళయ్యాయి. పిండి చేతులకి అంటుకుంటోందని పొడిపిండి చల్లుతూ పోయాను. మూడున్నర కప్పులు వెయ్యమంటే ఐదు పట్టింది. చపాతీపిండి లెక్క నా తలలో ఉంది. ఈ పిండి మాత్రం మొదట్లో అంటుకోవాలి, అదే దాని లక్షణం. పది పన్నెండు నిమిషాలు పిసికాక దానంతటదే చేతిని వదులుతుంది. చిన్న ముద్ద తీసి రెండు చేతులా లాగితే చిరగకుండా సాగి, వెలుతురు అవతల్నుంచి కనిపించాలి, పూతరేకులా. అక్కడిదాకా ఓపిక పట్టాలి. ఆ రాళ్ళనే మా అమ్మాయి పాలల్లో ముంచుకుని తింది. "పర్లేదు నాన్నా, రస్క్‌లాగా ఉంది" అంది. దాని దయ చూసి భయమేసింది. పదేళ్ళ పిల్లకి తండ్రితో అంత మర్యాద ఎందుకుండాలి?

ఇక్కడ 2020 సంగతి చెప్పాలి. ఆ ఏడాది వసంతంలో ఈ దేశంలో అందరూ ఒక్కసారిగా రొట్టెలు కాల్చడం మొదలుపెట్టారు. షాపుల్లో మైదా లేదు, ఈస్ట్ లేదు. మా అమ్మాయి వాళ్ళమ్మ ఎవరినో అడిగి ఒక చిన్న సీసాలో ఈస్ట్ సంపాదించింది. (మాజీ భార్య అనేది పేపర్ల మాట, నా నోటికి రాదు. పేరు పెట్టి పిలిచే హక్కు ఉందో లేదో తెలీదు. అందుకే ఇలా.) ప్రతి శనివారం చేసేది. నేను పైగదిలో ఉండేవాణ్ణి. ఆ మేడమెట్లు పదమూడు. ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా ఆ ఆర్నెల్లలో శనివారం పొద్దున ఆ పదమూడు మెట్లు దిగి కిందకెళ్ళిన గుర్తు లేదు. శనివారం పనేమిటని అడక్కండి, రిలీజ్ ఉండేది. లేకపోయినా ఉండేది. ప్లేటులో రోల్ పెట్టుకుని ఆవిడే పైకి వచ్చేది. లోపల బాగా ఉబ్బిన కిస్మిస్‌లు, ఒక్కోటి కొరికితే రసం. థాంక్స్ అన్నాను అనే అనుకుంటున్నాను. మ్యూట్ తీసి అన్నానో లేదో.

విడిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. అవి ఇక్కడ రాయను. ఆ కథలో సగం నాది కాదు.

మూడోసారికి పిండి కుదిరింది. కానీ కిస్మిస్‌లు గులకరాళ్ళలా తగిలాయి. పైన తేలినవైతే మాడి చేదెక్కాయి. పరమాన్నంలోకి నేతిలో వేయించి వేసే కిస్మిస్ నాకు తెలుసు. నెయ్యి తగలగానే బుడగలా ఉబ్బుతుంది. ఇవెందుకు ఉబ్బవు? వీడియోలు చూడొచ్చు. చూశాను కూడా. కానీ ఆ రాత్రి పదకొండింటికి ఫోన్ తీసి, పికప్ టైములూ డెంటిస్ట్ అపాయింట్‌మెంట్లూ తప్ప ఇంకేమీ లేని ఆ మెసేజ్‌ల వరుస కింద టైప్ చేశాను: "కిస్మిస్ నానబెట్టాలా?"

చాలాసేపు జవాబు లేదు. పడుకుని ఉంటుందనుకున్నాను. తర్వాత మూడు మెసేజ్‌లు వచ్చాయి.

"వేడినీళ్ళలో 15 నిమిషాలు."

"పిండేసి గుడ్డ మీద ఆరబెట్టాలి. తడి ఉంటే పంచదార కారిపోతుంది."

"పైకి కనపడేవి లోపలికి నొక్కెయ్."

అందులో నవ్వు బొమ్మలు లేవు. ఎందుకు అడుగుతున్నావనీ లేదు. అయినా ఆ చివరి 'నొక్కెయ్' దగ్గర కాసేపు ఆగిపోయాను. 'నొక్కాలి' అనొచ్చు. మూడేళ్ళుగా అన్నీ 'ఆలి'లతోనే నడుస్తున్నాయి. తీసుకురావాలి, సంతకం పెట్టాలి, చెప్పాలి.

నాలుగోసారి చెప్పినట్టే చేశాను. పిండిని చాపలా పరిచి, వెన్న పూసి, బ్రౌన్ షుగరూ చెక్కపొడీ చల్లి, కిస్మిస్ పరిచి చుట్టాను. కత్తి పెడితే చుట్ట నలిగి అణిగిపోతుంది, అందుకని దారంతో కోశాను. మా అమ్మమ్మ పులుసులోకి ఉడికించిన గుడ్లు దారంతోనే కోసేది. దారం కిందనుంచి పోనిచ్చి, పైన ఇంటూ గుర్తులా దాటించి లాగడం. పన్నెండు ముక్కలు. ట్రేలో సర్ది, పైన కప్పి, రాత్రంతా ఫ్రిజ్‌లో. ఆ చలిలో ఈస్ట్ నిద్రపోదు, మెల్లగా పనిచేస్తూనే ఉంటుంది. పొద్దున్నే లేచి గంటసేపు బయట పెట్టి, 350 ఫారెన్‌హీట్‌లో పాతిక నిమిషాలు కాల్చాను.

పదిహేనో నిమిషానికి వాసన మొదలైంది. ఇరవయ్యో నిమిషానికి గది తలుపు తెరుచుకుంది. పిల్ల జుట్టంతా ఒకవైపు, ముక్కు ముందుకి పెట్టుకుని వచ్చి ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చుంది. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తినేటప్పుడు చూశాను. ఒక్కో చుట్టూ విప్పుతూ, ఒక్కో కిస్మిస్‌నీ గోటితో తీసి ప్లేటు అంచున వరసగా పెడుతోంది. పద్ధతిగా, ఏ విసుగూ లేకుండా.

"రైజిన్స్ బాలేదా? నానబెట్టాను కదా."

"బాగానే ఉంటాయి. నాకు ఇష్టం లేదు."

"అమ్మ చేసినప్పుడు తినేదానివిగా?"

తలెత్తి చూసింది. తెలీనివాడికి చెప్పేటట్టు నిదానంగా చెప్పింది. "నాన్నా, అమ్మ హాఫ్ ట్రేకే వేసేది. రైజిన్స్ ఉన్నవి నీవి. లేనివి నావి. మిక్స్ అవ్వకుండా నీవాటికి టూత్‌పిక్ పెట్టేది."

నాకు ఇష్టమని ఆవిడకి ఎప్పుడు చెప్పానో గుర్తులేదు. పెళ్ళైన కొత్తల్లో, మా అమ్మ పాయసంలో జీడిపప్పు వదిలేసి కిస్మిస్ ఏరుకు తినేవాణ్ణని ఎప్పుడో ఒకసారి అనుంటాను. ట్రేలో సగం దాకా కిస్మిస్ పరిచి, అక్కడ ఆపి, ఆ హద్దు దాటకుండా చుట్టడం ఎంత చికాకో ఇప్పుడు నాలుగుసార్లు చేశాక నాకు తెలుసు. కిస్మిస్ ఉన్న సగం దళసరిగా వస్తుంది, లేని సగం సన్నగా. కోసేటప్పుడు నడిమి ముక్క ఎటూ కాకుండా పోతుంది. పైగదిలో ప్లేటు అందుకుని, రోల్స్ అంటే ఇలాగే ఉంటాయి కాబోలనుకున్నాను.

"ఆ టూత్‌పిక్ నాకెప్పుడూ కనపడలేదే?"

"పైకి తెచ్చేముందు తీసేది. నువ్వు చూడకుండా తింటావు కదా, గుచ్చుకుంటుందని."

ప్లేటు అంచున పదకొండు కిస్మిస్‌లు. నా వైపు జరిపింది. తిన్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఇంకోసారి పిండి కలిపాం. హద్దు ఎక్కడ వెయ్యాలో పిల్లే చూపించింది, చెక్కపొడిలో వేలితో గీత గీసి. దారం కూడా అదే లాగింది. రెండో ముక్క వంకరపోతే నవ్వింది. మర్యాదకి నవ్వే నవ్వు కాదు, పెద్దగా, నోట్లో పళ్ళన్నీ కనపడేటట్టు. సాయంత్రం ఒక చిన్న అల్యూమినియం ట్రేలో నాలుగు విడిగా సర్దుతూ అడిగాను. "అమ్మకి ఏవి పెడదాం? రైజిన్స్‌వా, లేనివా?"

"అమ్మ తినదు కదా. స్వీట్ ఎక్కువంటుంది."

"ఒక్కటి కూడానా?"

"ఊఁహూఁ. వాసన బావుంటుంది అంటుంది. అంతే."

తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. ఆవిడ వాటిని తినేదో లేదో నాకు తెలీదు. ట్రే మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. తర్వాత ఆ నాలుగూ కాల్చకుండా, పచ్చివాటినే కప్పేసి, మూత మీద మార్కర్‌తో రాశాను: 350, 25 నిమిషాలు. పిల్ల అది చదివి, నా చేతిలోంచి మార్కర్ తీసుకుని కింద ఇంకో లైను రాసింది. నో రైజిన్స్.

ఆదివారం నాలుగున్నరకి బయల్దేరాం. బయట మంచు. ట్రే ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా రెండు చేతులా పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. కారు చల్లగా ఉందని హీటర్ ఎక్కువ పెట్టాను. రెండు సిగ్నళ్ళు దాటామో లేదో వెనకనుంచి కేకేసింది.

"నాన్నా, తగ్గించు. ఇక్కడే పొంగిపోతాయి."