ప్రూఫ్ ఉందా అని అడిగాను

మా ఊరు అనకాపల్లి. చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కితే పాడేరు. చిన్నప్పుడు లంబసింగి పొగమంచు, అరకు కాఫీ తప్ప ఏజెన్సీ గురించి నాకేం తెలీదు. వాకపల్లి పేరు ఉద్యోగంలో చేరాకే విన్నాను.

జి.మాడుగుల మండలంలోని చిన్న కోందు గూడెం అది. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వెళ్లిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు చెప్పారు. అదే రోజు కొండ దిగి పాడేరు వెళ్లి అధికారులకి ఫిర్యాదు చేశారు. అప్పుడు నాకు పదేళ్లు. బెల్లం మార్కెట్ పక్క వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుకుంటూ ఉండుంటాను.

ఆ బృందంలో 21 మంది పోలీసులు. కేసు హైకోర్టుకి వెళ్లింది, సుప్రీంకోర్టుకి వెళ్లింది. చివరికి 13 మందిపై విశాఖ ప్రత్యేక కోర్టులో విచారణ మొదలయ్యేసరికి 2018 వచ్చేసింది. అంటే 11 ఏళ్లు! తీర్పు రాకముందే బాధితుల్లో ఇద్దరు చనిపోయారు.

2023 ఏప్రిల్ 6న తీర్పు వచ్చింది. 13 మందీ నిర్దోషులు. కారణం, దర్యాప్తు సరిగ్గా జరగలేదు. నిందితుల్ని గుర్తించే పరేడ్ కూడా పెట్టలేదు. అదే తీర్పులో, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కోర్టు చెప్పింది.

ఇది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

మా పనిలో సర్వర్ పడిపోతే ముందు లాగ్స్ తీస్తాం. లాగ్స్ లేకపోతే ‘ఏమీ జరగలేదు’ అని రిపోర్ట్ రాయం. ‘లాగింగ్ పెట్టలేదు, అది మన తప్పు’ అని రాస్తాం. వాకపల్లిలో ఆధారాలు సేకరించాల్సింది పోలీసులే. ఆరోపణా పోలీసుల మీదే. వాళ్లు సేకరించకపోతే నష్టం మాత్రం ఆ ఆడవాళ్లది. తీర్పు వచ్చిన రోజు ‘చూశారా, అంతా అబద్ధం’ అని పోస్టులు పెట్టినవాళ్లున్నారు. నేరం రుజువు కాకపోవడం వేరు, నేరమే జరగలేదనడం వేరు. ఆ తేడా మనలో చాలామందికి పట్టదు.

నాకూ పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నా.

గతేడాది మా టీమ్‌లో ఒకమ్మాయి, సీనియర్ ఒకాయన తనతో ఎలా ప్రవర్తించాడో నాకు చెప్పబోయింది. నేనూ ఆడపిల్లనే. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “ప్రూఫ్ ఏమైనా ఉందా?” తను “ఏం లేదులే అక్కా” అని నవ్వేసింది. నెల తిరక్కుండా టీమ్ మారిపోయింది.

ఆ 11 మంది చదువుకోలేదు, తెలుగు కూడా వాళ్ల ఇంటి భాష కాదు. అయినా పదహారేళ్లు చెప్పిన మాట మీదే నిలబడ్డారు. ఇంత చదువుకున్న నేను రెండు నిమిషాలు వినలేకపోయాను.

మొన్న ఆదివారం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. “ఆరోజు అలా అడక్కుండా ఉండాల్సింది, సారీ” అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఇప్పుడు చెప్పనా అక్కా?” అంది.

నలభై నిమిషాలు చెప్పింది. నేను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.