ఇంకా వెళ్ళలేదా?

పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింట్లో నెల దాటి కనిపిస్తే చూసేవాళ్ళకి నిద్ర పట్టదు. మొదటి రెండు నెలలూ "ప్రయాణం ఎప్పుడమ్మా?" అంటారు. ఆరు నెలలకి అది "ఇంకా వెళ్ళలేదా?" అవుతుంది. ఏడాది దాటాక మనల్ని అడగడం మానేసి పక్కింటివాళ్ళని అడుగుతారు. మా అమ్మాయి పెళ్ళయ్యాక నాలుగున్నరేళ్ళు మా ఇంట్లోనే ఉంది. మొగుడితో గొడవ లేదు, అత్తవారితో పేచీ లేదు. రావలసిందల్లా ఒక్క వీసా. ఆ ఒక్క ముక్క నమ్మించడానికి నేను ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమందికి వివరం చెప్పానో లెక్కలేదు.

మనకి "అమెరికా సంబంధం" అంటే ఒకటే మాట. అక్కడి చట్టానికి మాత్రం మూడు రకాల అల్లుళ్ళు ఉన్నారు. హెచ్1బి మీద ఉద్యోగం చేస్తున్న అబ్బాయి అయితే భార్యకి హెచ్4 వీసా ఉంటుంది. అది శాశ్వతంగా స్థిరపడే వీసా కాదు కాబట్టి పెళ్ళయిన కొద్ది నెలల్లో వెళ్ళే వీలుంది. అబ్బాయి అమెరికా పౌరుడైతే భార్యకి ఇమిగ్రెంట్ వీసా కావాలి. దానికి ఏడాదికి ఇన్నే అన్న పరిమితి లేదు, కాగితాలు నడిచినంత కాలం ఆగితే చాలు. మధ్యలో ఉన్నవాడు గ్రీన్ కార్డు అబ్బాయి. అతని భార్య "ఎఫ్ 2 ఏ" అనే వరసలో నిలబడాలి. ఆ వరసకి ఏడాదికి ఇన్ని వీసాలే అని లెక్క ఉంది. మన పెళ్ళిళ్ళ పేరయ్యలు గ్రీన్ కార్డుని హెచ్1బి కంటే పై మెట్టు అని చెబుతారు. అబ్బాయి ఉద్యోగానికి అది పై మెట్టే. కొత్త పెళ్ళికూతురికి మాత్రం అదే ఎత్తు మెట్టు.

మా అల్లుడికి 2018లో, వాళ్ళ అమ్మానాన్నలతో పాటు, మేనత్త పెట్టిన పిటిషన్ మీద గ్రీన్ కార్డు వచ్చింది. న్యూజెర్సీలో ఉద్యోగం. 2020 ఫిబ్రవరిలో తెనాలిలో పెళ్ళి చేశాం. మార్చి మొదటి వారంలో అతను తిరిగి వెళ్ళాడు. ఆ నెలాఖరుకి దేశమంతా లాక్‌డౌన్. వీసా ఆఫీసులు మూసేశారు. ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం కొత్త ఇమిగ్రెంట్ వీసాలు ఆపుతూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో పౌరుల భార్యలకి మినహాయింపు ఉంది, గ్రీన్ కార్డు వాళ్ళ భార్యలకి లేదు. ఆ ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 24న రద్దయ్యేదాకా మా వరస కదలనే లేదు.

ఈలోగా కాగితాలు. పెళ్ళి జరిగిందనడానికి మనకి తాళిబొట్టు, పెళ్ళికి వచ్చిన ఆరు వందల మంది చాలు. వాళ్ళకి సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. లాక్‌డౌన్‌లో పెళ్ళికొడుకు అక్కడ, పెళ్ళికూతురు ఇక్కడ, ఆఫీసు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. తిరిగి తిరిగి ఆ సర్టిఫికెట్ చేతికొచ్చి, అల్లుడు ఐ-130 అనే పిటిషన్ వేసేసరికి 2020 నవంబర్ అయింది. ఆ పిటిషన్ అందిన తేదీయే వరసలో మన చోటు. దాన్ని ప్రయారిటీ డేట్ అంటారు. ఆ తేదీని మా అమ్మాయి క్యాలెండర్ వెనక రాసి పెట్టుకుంది. అప్పట్లో అది అంత ముఖ్యమని ఎవరికీ అనిపించలేదు. ఎందుకంటే 2019 జూలై నుంచీ ఆ వరస "కరెంట్"గా ఉంది, అంటే ఏ తేదీ వాళ్ళకైనా వీసా ఇస్తున్నారు.

తర్వాత పుట్టిన తేదీ సర్టిఫికెట్. అమ్మాయి 1998లో మా పుట్టింటి ఊళ్ళో పుట్టింది. పంచాయతీ రికార్డు తీయిస్తే తేదీ ఉంది, తండ్రి పేరు ఉంది, నా పేరు ఉంది. పిల్ల పేరు ఉండాల్సిన గడి ఖాళీ. ఆడ అని మాత్రం రాసి ఉంది. ఆ రోజుల్లో బారసాల కాకముందే పుట్టుక రాయించేసేవారు, పేరు చెప్పడానికి మళ్ళీ ఎవరూ వెళ్ళేవారు కాదు. ఇరవై రెండేళ్ళకి మా అమ్మాయి తన పుట్టుకలో తన పేరు చేర్పించుకుంది. ఆ కాగితం చూసి "అమ్మా, ఈ రోజు నా రెండో బారసాల" అని నవ్వింది.

అన్నిటికంటే చిత్రమైనది, కాపురం నిజమైనదేనని రుజువు చూపించడం. కాగితం కోసం చేసుకున్న పెళ్ళి కాదని వాళ్ళకి నమ్మకం కలగాలి. పెళ్ళి ఫోటోల్లో రెండువైపుల పెద్దలూ ఉన్నవి, అతను వచ్చి వెళ్ళిన విమానం టిక్కెట్లు, పాస్‌పోర్ట్ ముద్రలు, పంపిన డబ్బు వివరాలు, అమ్మాయి పేరు నామినీగా రాసిన పాలసీ, ఫోన్ కాల్స్ జాబితా, వాట్సాప్ మాటలు. ఒక రాత్రి అమ్మాయి ఫోన్ ముందేసుకుని "అమ్మా, మేం పోట్లాడుకున్నవి కూడా ప్రింట్ తీయనా?" అంది. "అవే ముందు తియ్యి, నిజమైన మొగుడూ పెళ్ళాలని ఇట్టే తెలిసిపోతుంది" అన్నారు మా వారు. నవ్వుకున్నాం గానీ, కొత్త దంపతుల మాటలు ఎవరో ఆఫీసరు చదవడానికి వరసగా పేర్చుకోవలసి రావడం పిల్లకి ఎంత ఇబ్బందో ఆడవాళ్ళం మనకి తెలుసు.

"ఈలోగా విజిటింగ్ వీసా మీద వెళ్ళిరావచ్చుగా?" అని చాలామంది అడిగేవారు. స్థిరపడడానికి దరఖాస్తు పెట్టుకున్న మనిషి "చూసి తిరిగొచ్చేస్తాను" అంటే వాళ్ళు నమ్మడం కష్టం. పోనీ అతనే వచ్చి ఇక్కడ ఏడాది ఉండవచ్చా అంటే అదీ చిక్కే. గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్ళకి పౌరసత్వం అడగాలంటే అందులో సగం కాలమైనా ఆ దేశంలో ఉండి ఉండాలి. ఒక్కసారిగా ఆరు నెలలు దాటి బయట ఉంటే లెక్క చెడే ప్రమాదం ఉంది. పెళ్ళాం దగ్గర ఎక్కువ ఉంటే పెళ్ళాన్ని తీసుకెళ్ళే దారి ఆలస్యం అవుతుంది. అందుకని ఏడాదికి ఒకసారి, నాలుగు వారాలు వచ్చేవాడు. అతను వెళ్ళిన మర్నాడు మా అమ్మాయి గది తలుపు తీసేది కాదు. నేను కాఫీ గడప దగ్గర పెట్టి వచ్చేసేదాన్ని.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు మాట ఉంది. ఈ కాగితాల పని ఎవరైనా నేర్చుకోవచ్చు. కష్టమల్లా ఆ రోజులు ఎలా గడపాలన్నదే. ఎదురుచూసే పిల్ల బతుకులో ప్రతిదానికీ ఒకటే జవాబు వస్తుంది: "వీసా వచ్చాక." ఎమ్మెస్సీ చేస్తానంటే "మధ్యలో వీసా వస్తే?" ఉద్యోగం చేస్తానంటే "నాలుగు నెలల ముచ్చటకి ఎందుకు?" స్కూటీ కొంటానంటే "అమ్మేయడానికా?" ఇలా అన్నవాళ్ళందరూ మంచివాళ్ళే, ప్రేమ కొద్దీ అన్నవాళ్ళే. కానీ ఆ నాలుగు నెలలు నాలుగేళ్ళయితే?

నేను తెలుగు బి.ఏ.లో అష్టవిధ నాయికల గురించి చదువుకున్నాను. అందులో ప్రోషితభర్తృక అని ఒకావిడ ఉంటుంది, భర్త దూరదేశం వెళ్ళిన ఆవిడ. ఆవిడ జడ వేసుకోదు, గంధం పూసుకోదు, దారి వైపు చూస్తూ చిక్కిపోతూ ఉంటుంది. పరీక్షకి బాగానే రాశాను. ఇంట్లో ఒక ప్రోషితభర్తృక ఉంటే తెలిసింది, దారి చూసే మనిషికి ఇంకో పని కూడా ఉండాలని. 2021 జూన్‌లో మా అమ్మాయి ఊళ్ళోనే ఒక స్కూల్లో లెక్కల టీచరుగా చేరతానంది. వియ్యపురాలు ఫోన్ చేసి "ఇప్పుడెందుకు వదిన గారూ, రేపో మాపో వచ్చేస్తుందిగా" అన్నారు. "వచ్చేటప్పుడు మానేస్తుంది వదిన గారూ, అప్పటిదాకా పిల్లలకి లెక్కలు చెప్పుకోనివ్వండి" అన్నాను. ఆవిడా ఆడదే, అర్థం చేసుకున్నారు. మర్నాటి నుంచి మా ప్రోషితభర్తృకకి పొద్దున్నే జడ వేసుకోక తప్పలేదు, ఎనిమిదింటికి స్కూల్ బస్సు మరి.

2022 మధ్యలో పిటిషన్ మంజూరైంది. ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్ళింది. వీసాకి 325 డాలర్లు, భార్యని పోషించగలనన్న హామీ పత్రానికి 120 డాలర్లు కట్టాం. డీఎస్-260 ఫారం నింపాం. పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ తెచ్చుకున్నాం. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని జవాబొచ్చింది. ఇంటర్వ్యూ తేదీ ఒక్కటే తరువాయి. అమ్మమ్మ ఊరగాయలు ఏవేవి పెట్టాలో జాబితా రాయించింది.

2023 ఏప్రిల్‌లో ఆ వరస వెనక్కి జరిగింది. ప్రతి నెలా వాళ్ళు వీసా బులెటిన్ అని ఒకటి విడుదల చేస్తారు. ఆ నెల బులెటిన్‌లో ఎఫ్ 2 ఏ పక్కన "కరెంట్" అన్న అక్షరం పోయి ఒక తేదీ వచ్చింది: 2020 సెప్టెంబర్ 8. ఆ తేదీకి ముందు పిటిషన్ వేసినవాళ్ళకే వీసా. మాది నవంబర్. పెళ్ళి సర్టిఫికెట్ కోసం తిరిగిన ఆ రెండు నెలలే అడ్డం పడ్డాయి.

ఆ సాయంత్రం అమ్మాయి స్కూల్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింటి గడప మీద కూర్చుంది. "అమ్మా, నేను పెళ్ళయిన దాన్నా, కాని దాన్నా?" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే దగ్గరికి తీసుకునేదాన్ని. నేను చేస్తున్న కూర దించి పక్కన కూర్చున్నాను. "పెళ్ళయిన దానివే. దాంతో పాటు లెక్కల టీచరువి. ఒకటి వాళ్ళ చేతుల్లో ఉంది, ఒకటి నీ చేతుల్లో ఉంది" అన్నాను. కాసేపు ఊరుకుని, పదో తరగతి పేపర్లు దిద్దాలని లేచి వెళ్ళింది. ఆ పేపర్లు లేకపోతే ఆ రాత్రి ఎలా గడిచేదో నాకు తెలియదు. ఆ వేసవిలోనే ఇన్నాళ్ళూ వాయిదా వేసిన స్కూటీ తన జీతంతో కొనుక్కుంది. ఎవరినీ అడగలేదు.

దారి మరో వైపు నుంచి తెరుచుకుంది. 2023లో అల్లుడికి గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు నిండాయి. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు, ఆ సంవత్సరం చివర్లో ప్రమాణం చేశాడు. ఆ సర్టిఫికెట్ వీసా సెంటర్‌కి పంపగానే మా అమ్మాయి గ్రీన్ కార్డు వాళ్ళ వరసలోంచి పౌరుడి భార్యల వైపు మారిపోయింది. వరస బాధ లేదు. 2024 మేలో ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో అంత పెద్ద కాన్సులేట్ ఉన్నా ఈ ఇమిగ్రెంట్ వీసాకి మేము ముంబై వెళ్ళాల్సి వచ్చింది. ముందు వైద్య పరీక్ష: ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష, తక్కువైన టీకాలు. తర్వాత బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో కాన్సులేట్. తోడు వెళ్ళినవాళ్ళని లోపలికి రానివ్వరు. రోడ్డవతల చెట్టు కింద నిలబడ్డాను. నా పక్కన ఒక గుజరాతీ ఆవిడ కూతురి కోసం నిలబడి ఉంది. నాకు గుజరాతీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఆవిడ తన సీసాలో మంచినీళ్ళు నాకిచ్చింది.

లోపల కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించారట. పెళ్ళి ఎక్కడ, ఎప్పుడు, చివరిసారి ఎప్పుడు కలిశారు, ఆయనేం చేస్తారు, మీరేం చేస్తారు. "లెక్కల టీచర్ని" అని చెప్పిందట. పది నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగేళ్ళ ఫైలులో సగం కాగితాలు తెరవనేలేదు. పెళ్ళయి రెండేళ్ళు దాటింది కాబట్టి రెండేళ్ళ షరతు కార్డు కాకుండా నేరుగా పదేళ్ళ కార్డు వస్తుందని తర్వాత తెలిసింది. ఆలస్యం మాకు తిరిగిచ్చింది అదొక్కటే.

ఇప్పుడు ఎవరైనా అమెరికా సంబంధం చూస్తున్నామంటే నేను నాలుగు మాటలు చెబుతాను. జీతం అడిగే ముందు అబ్బాయి దగ్గర ఏ కాగితం ఉందో అడగండి, గ్రీన్ కార్డు అయితే ఏ సంవత్సరంలో వచ్చిందో కూడా అడగండి. అబ్బాయి ఊళ్ళో ఉండగానే పెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ మూడింట్లోనూ పేరు ఒకే రకంగా ఉందో లేదో పెళ్ళికి ముందే చూసుకోండి. నాలుగోది మీ పిల్ల కోసం కాదు, మీ కోసం: ఎదురుచూసే రోజుల్ని ఖాళీ రోజులుగా లెక్కకట్టకండి. ఆ రోజులు కూడా ఆ పిల్ల వయసులోంచే పోతాయి.

మా అమ్మాయి 2024 ఆగస్టులో వెళ్ళింది. అక్కడ టీచరుగా చేరడానికి కావలసిన పరీక్షలకి చదువుతోంది. స్కూటీ ఇప్పుడు నేను నడుపుతున్నాను. మొన్న ఫోన్లో "పౌరుడి భార్యని కదమ్మా, మూడేళ్ళకి నేనూ పౌరసత్వం అడగొచ్చు, అప్పుడు నీకూ నాన్నకీ నేనే పిటిషన్ వేస్తాను" అంది. "ముందు నీ పరీక్ష సంగతి చూడవే. మా పుట్టిన తేదీ కాగితాలు వెతకడానికి మాకూ మూడేళ్ళు పట్టేలా ఉంది" అన్నాను.