తాటి తలమీద మర్రి

బాలలారా! హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ అనే గుండ్రని మేడను 1998లో తెరిచారు. అంతకు పూర్వం ఆ మాదాపూర్ రాతిగుట్టల నడుమ ఒక పల్లె. ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలే. అవి దాటి శంకర్‌పల్లి వైపు వెళ్ళండి. పొలంగట్టున తాటిచెట్టును మర్రి కావలించుకొని ఉండటం మీకు కనబడవచ్చు.

ఆ మర్రిని ఎవరు నాటారు? ఏ గోరింకో మర్రిపండు తిని, తాటిమట్టల సందున రెట్ట వేసింది. అందులోని గింజ అక్కడే మొలిచి, వేళ్ళను క్రిందికి దింపింది. అవి నేలను తాకి, లావెక్కి, వలలాగా అల్లుకొన్నాయి. ఆఫ్రికా అడవులలోనూ ఇటువంటి చెట్లున్నాయి.

వేరే చెట్టయితే, తాను లావెక్కినకొద్దీ ఆ వల బిగిసి ప్రాణం తీస్తుంది. తాటి మొదలు ఏటేటా లావెక్కదు కనుక పట్టు దానిని అంతగా బాధించదు. మర్రికొమ్మలు పైకి పెరిగి ఎండను కాజేస్తేనే దానికి ముప్పు.

మరి మర్రి దుర్మార్గురాలా? దాని పండ్లమీద ఎన్నో పక్షులు బ్రతుకుతున్నాయి!

నేను బడిపంతులుగా ఉన్నప్పుడు గోడ పగులులో రావిమొక్క మొలిచింది. "రేపు చూద్దాం" అంటూ ఊరుకొన్నాను. కొన్నేళ్ళకు గోడ చీలింది, రావినీ నరకవలసి వచ్చింది. మీ మేడగోడమీద అటువంటి మొక్క కనబడితే ఆలస్యం చేయకండి. పెద్దల సాయంతో వేళ్ళతో సహా తీసి, ఖాళీ నేలలో నాటండి. గోడా నిలుస్తుంది, చెట్టూ బ్రతుకుతుంది.