దెబ్బకూ దెబ్బకూ నడుమ

సంగీతం అభ్యసించేవారికి శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా చెప్పడం మన పెద్దల అలవాటు. తల్లి సంగతి తేలికే. తంబుర మీటితే చాలు, శ్రుతి అభ్యాసకుని వెన్నంటి ఉంటుంది. తంబుర లేనివారికి శ్రుతిపెట్టె ఉంది. తండ్రి మాత్రం అంత సులభంగా ఇంటిపట్టున నిలిచేవాడు కాడు. గురువు ఎదుట కూర్చున్నంతసేపూ తొడమీద ఆయన వేసే దెబ్బలో లయ ఉంటుంది. ఆయన లేచి వెళ్లిన మరుక్షణం అది శిష్యుని చేతిలోకి రావాలి. రాకపోతే సులువైన చోట పాట పరుగెత్తుతుంది, కష్టమైన చోట కుంటుతుంది. పాడేవారికి ఆ తేడా తెలియదు, వినేవారికి తెలుస్తుంది.

మా అక్క కూతురికి ఈ చిక్కే ఎదురైంది. మా ఊరు కడప జిల్లాలోని బ్రహ్మంగారిమఠం. పాటకు కరవెరుగని ఊరు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో జీవసమాధి పొందిన స్థలమని ప్రతీతి. అందుచేత వైశాఖమాసపు ఆరాధనకు ఊరూరి భజన బృందాలు వచ్చి రాత్రి పొడుగునా తత్త్వాలు పాడుతాయి. తంబుర, డిమ్కి, తాళాలు, చిడతలు, కాలిగజ్జెలు అన్నీ మోగుతాయి. అయితే మా అమ్మాయి నేర్వదలచింది కర్ణాటక సంగీతం. అందుకోసం ప్రతి ఆదివారం బస్సెక్కి మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరికి వెళ్లి, ఒక గంట పాఠం చెప్పించుకొని, పొద్దు వాలేవేళకు తిరిగి వచ్చేది. తక్కిన ఆరు దినాలూ ఒంటరి సాధనే. ఆ ఆరు దినాలకు తోడుగా ఉంటుందని గురువుగారే ఆమెకు మెట్రోనోమ్‌ను పరిచయం చేశారు.

అంతర్జాలంలో ఆ పేరు వెదికితే ఒక పుట తెరుచుకుంటుంది. అందులో ఒక అంకె, ఒక మీట ఉంటాయి. 60 అని పెట్టి మీట నొక్కితే నిమిషానికి 60 టక్కులు, అంటే సెకనుకు ఒకటి చొప్పున వినిపిస్తాయి. అమ్మాయి మాయామాళవగౌళలో సరళీవరుసలు ఎత్తుకొని మొదటి కాలంలో టక్కుకు ఒక స్వరం, రెండవ కాలంలో రెండు, మూడవ కాలంలో నాలుగు చొప్పున పాడేది. మూడవ కాలం చేరేసరికి గొంతు తడబడేది. టక్కు మాత్రం తడబడేది కాదు. ఆ నిర్దాక్షిణ్యమే దాని ఉపయోగం. మనిషైన గురువు శిష్యురాలి కష్టం చూచి తన చేతిని కొంచెం నెమ్మది చేస్తాడు. యంత్రానికి ఆ దయ లేదు.

ఈ యంత్రం పుట్టుక విచిత్రమైనది. గ్రీకు భాషలో 'మెట్రోన్' అంటే కొలత, 'నోమోస్' అంటే నియమం. ఆ పేరుతో 1815లో పేటెంట్ పొందినవాడు జర్మనీకి చెందిన మేల్జెల్. కాని దానిలోని కీలకాన్ని 1814లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అనే శిల్పి కనిపెట్టాడు. పేరు ఒకరిది, పనితనం మరొకరిది. 1817లో బీథోవెన్ తన సింఫనీలకు వేగాన్ని ఈ అంకెలలో ప్రకటించిన తరువాత ఐరోపా సంగీతంలో దానికి గౌరవం హెచ్చింది.

వింకెల్ గొప్పతనం తెలియాలంటే మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్న లఘులోలకాన్ని గుర్తుకు తెచ్చుకోవాలి. ఒకనాటి సాయంత్రం నేనూ మా అమ్మాయీ పెరటిలోని వేపకొమ్మకు దారం కట్టి, కొసన రాయి వేలాడదీసి చూశాం. దారం పొడవు ఇంచుమించు ఒక మీటరు ఉన్నప్పుడు రాయి ఈ కొస నుండి ఆ కొసకు పోవడానికి ఒక సెకను పట్టింది. పావు మీటరుకు తగ్గిస్తే అర సెకనే. రాయి బరువు మార్చినా కాలం మారలేదు. నిమిషానికి 40 ఊపులు కావాలంటే మాత్రం దారం రెండుంపావు మీటర్లు ఉండాలి. మా వేపకొమ్మకు అంత ఎత్తు లేదు. ఇంత పొడవైన లోలకాన్ని బల్లమీద పెట్టుకొనేదెట్లా? వింకెల్ ఇరుసుకు దిగువన బరువైన గుండును, ఎగువన అటూ ఇటూ జరపగల చిన్న తూకాన్ని అమర్చాడు. తూకాన్ని పైకి జరిపితే ఊపు నెమ్మదిస్తుంది, కిందికి దించితే వేగిరపడుతుంది. జానెడు కడ్డీతోనే పని జరిగిపోయింది. నేడు ఫోనులో కడ్డీ కూడా లేదు, అంకె మాత్రమే మిగిలింది.

అంకె ఒక్కటే తాళం కాదు. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు. నాలుగక్షరాల లఘువు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. ఎనిమిది టక్కులూ ఒకే తీరున మోగితే ఆవర్తనం ఎక్కడ మొదలైందో చెవికి తెలియదు. అందుకని గురువుగారు ఒకటవ, ఐదవ, ఏడవ టక్కులను గట్టిగా మోగేటట్లు అమర్చమన్నారు. కొన్నాళ్లకు ఆ గట్టితనం తీసివేయించారు. మరికొన్నాళ్లకు ఆవర్తనానికి ఒకే ఒక టక్కు మిగిల్చి, తక్కిన ఏడింటినీ చేతితో వేసుకొమ్మన్నారు. నా దృష్టిలో అసలైన విద్య అక్కడే మొదలైంది. 13వ శతాబ్దంలో 'సంగీత రత్నాకరం' రచించిన శార్ఙ్గదేవుడు లయను దెబ్బగా నిర్వచించలేదు. ఒక క్రియ తరువాత కలిగే విశ్రాంతిగా చెప్పాడు. యంత్రం దెబ్బను మాత్రమే ఇస్తుంది. నడిమి నిశ్శబ్దాన్ని ఎవరికి వారు నింపుకోవాలి.

ఈ సాధనను రోజూ అరుగు మీద కూర్చొని వింటున్నవారు మా నాయన. నలభయ్యేళ్లు భజనలో ముందు కూర్చొని తాళం పట్టిన మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పింది. నడక తిరిగి వచ్చింది గాని తాళాలు మాత్రం గూట్లోనే ఉండిపోయాయి. బృందంవారు ఎన్నిమార్లు పిలిచినా ఆయన భజనకు పోలేదు.

"ఏం పాపా, ఇది అలిసిపోదా?" అని ఒకనాడు అడిగారు.

"అలిసిపోదులే అబ్బా. కరెంటు ఉంటే చాలు."

"అలుపు లేనిదానికి ఊపెట్ల వస్తాది?"

ఆ మాటలో న్యాయముంది. భజన నెమ్మదిగా మొదలై, పోనుపోను వేగం పుంజుకొని, చివరకు ఉధృతంగా ముగుస్తుంది. ఆ పరుగును అదుపు తప్పడం అనలేము. ఎప్పుడు, ఎంత పెంచాలో ముందున్నవాని చేతికి తెలుసు. అతని వెంట ఇరవై గొంతులు కదులుతాయి. ఒకే అంకె వద్ద నిలిచే యంత్రానికి ఈ సంగతి తెలియదు.

అమ్మాయి ఒక ఉపాయం ఆలోచించింది. గూట్లోని తాళాలు తెచ్చి ఆయన చేతికిచ్చి, ఫోనులో 40 పెట్టింది. మొదటి వారం దెబ్బ ఒక్కటీ వేళకు పడలేదు. తాళం తాడు వేళ్లలోంచి జారిపోయేది. ఆయన విసుక్కొని లేచిపోయేవారు, మరునాడు ఏమీ ఎరుగనట్లు వచ్చి కూర్చొనేవారు. లయబద్ధమైన శబ్దాన్ని తోడు చేసి పక్షవాత రోగులకు నడక నేర్పే పద్ధతి వైద్యంలో ఉన్నదే కాని, మా ఇంట్లో ఎవరూ దాన్ని వైద్యమని అనలేదు. చేయి కుదురుకున్న కొద్దీ "పెంచు పాపా" అనేవారు. ఆమె 44 చేసేది, ఆపైన 50. ఎప్పుడు పెంచాలో నిర్ణయించేది ఆయన. అంకె మార్చేది ఆమె. చైత్రం ముగిసేసరికి 72 దాకా వచ్చారు. ఆపైన చేయి మొరాయించేది.

ఆ వైశాఖంలో ఆయన ఆరాధనకు వెళ్లారు. ముందు వరుసలో కాక ఒక అంచున, మనవరాలి పక్కన కూర్చున్నారు. నెమ్మదిగా సాగిన తత్త్వాలకు తాళం వేశారు. జోరు హెచ్చి చేయి అందుకోలేని చోట తాళాలు ఒడిలో పెట్టుకొని తలతో వేసుకున్నారు. పక్కన ఎవరూ జాలిగా చూడలేదు. తాళం మరొకరు అందుకున్నారు.

మరునాడు ఉదయం కాఫీ తాగుతూ మనవరాలిని అడిగారు.

"రాత్రి నేను ఎంతలో ఆపినాను పాపా?"

ఫోను ఆ రాత్రి ఇంట్లోనే ఉంది. ఆమె కళ్లు మూసుకొని, తొడమీద నాలుగు దెబ్బలు వేసుకొని చూచి, "డెబ్బై ఆరు ఉంటాది అబ్బా" అన్నది.