హల్వా సరే... పొయ్యి మాటేమిటి?

మాడుగుల వెళ్తున్నామంటే చాలు, ఎవరైనా అనే మాట ఒకటే... ‘వచ్చేటప్పుడు హల్వా తెండి!’ కిందటి డిసెంబరులో మేం బయల్దేరింది మాత్రం హల్వా కోసం కాదు. పాడేరు అవతల తెలిసినవాళ్ల కాఫీ తోట పక్కన ఓ రాత్రి గుడారాలు వేసుకుని ఉండి, తెల్లవారకముందే వంజంగి కొండెక్కి మేఘాల మీద సూర్యోదయం చూడాలన్నది ఆలోచన. దారిలో మాడుగులలో మా మావయ్యగారింట్లో ఓ పూట విశ్రాంతి.

వరండాలో సామానంతా పరిచి సర్దుకుంటుంటే మావయ్య వచ్చి నిలబడ్డారు. గుడారాలు చూశారు, దుప్పట్లు చూశారు, టార్చిలైట్లు చూశారు.

‘‘అన్నీ ఉన్నాయి గానీ, పొయ్యేదిరా?’’ అన్నారు.

‘‘పుల్లలేరుకుని మంట పెట్టుకుంటాం మావయ్యా’’ అన్నాను, సినిమాల్లో చూసిన ధీమాతో.

‘‘మంచుకి నానిపోయిన పుల్లలు రాజుకుంటాయేటి? పొగే తాగుతారు. పైగా తోటలు, అడవి. నిప్పెడితే ఊరుకుంటారేటి?’’

నిజమే. అక్కడ మొదలైంది మా పొయ్యి వేట.

మాడుగుల తూర్పు కనుమల పాదాల దగ్గర ఉన్న ఊరు. చోడవరం నుంచి వచ్చే రోడ్డు ఇటు వచ్చాక కొండలు ఎదురుగా గోడకట్టినట్టు కనిపిస్తాయి. గరికబంద దాటితే పాడేరు ఘాట్ మొదలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. కాగితం మీద ఎలా ఉన్నా, కొండెక్కేముందు ఏం మరిచిపోయామో గుర్తుచేసుకోడానికి ఈ ఊరే మంచి మజిలీ.

మా బావ పది నిమిషాల్లో ఓ చిన్న సిలిండరు మోసుకొచ్చాడు. నెత్తి మీదే బర్నరు బిగించి ఉండే మూడు కిలోల రకం. గది అద్దెకు తీసుకుని చదువుకునే కుర్రాళ్ల దగ్గర కనిపిస్తుందే, అదే. దానిమీద ఐఎస్ఐ గుర్తు లేదు. గ్యాసు ఎక్కడ నింపించావని అడిగితే, ‘‘పెద్ద సిలిండరు నుంచి గొట్టం పెట్టి ఎక్కించేస్తారు బావా, ఏటవదు’’ అన్నాడు. అలా నింపడం చట్టవిరుద్ధం. అంతకన్నా ముఖ్యం, ఎంత నింపారో ఎవరికీ తెలీదు. సిలిండరులో కొంత ఖాళీ వదలాలి. అంచుదాకా ద్రవం నింపితే ఎండలో పెట్టిన కారు డిక్కీలో అది వ్యాకోచించడానికి చోటుండదు. మర్యాదగానే వద్దన్నాను. కారులో వెళ్లేవాళ్లకు చిన్న సిలిండరే కావాలంటే చమురు కంపెనీలే 5 కిలోలది అమ్ముతున్నాయి. ఇండియన్ ఆయిల్ వాళ్లు తమ దానికి 2020 డిసెంబరులో ‘ఛోటూ’ అని పేరు కూడా పెట్టారు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, చిరునామా రుజువు అడగరు. కాకపోతే గ్యాసూ ఇనుమూ కలిపి పది కిలోలు దాటుతుంది. భుజాన వేసుకుని కొండెక్కే వ్యవహారం కాదు.

మావయ్య అటక మీంచి పాత పంపు స్టవ్వు దింపుతానన్నారు. నవ్వాం గానీ, నవ్వాల్సిన వస్తువు కాదది. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ కిరసనాయిలు స్టవ్వుకి మన పంపు స్టవ్వు వారసురాలే. 1953లో ఎవరెస్టు ఎక్కిన టెన్జింగ్, హిల్లరీలు మంచు కరిగించుకుని తాగింది ప్రైమస్ మీదే. పంపు కొట్టి మనమే ఒత్తిడి పెంచుతాం కాబట్టి చలికి అది అంతగా లొంగదు. కానీ ఇప్పుడు కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుంది? దొరికినా, ఆ వాసన బ్యాగులో అన్నం గిన్నెకు అంటకుండా ఉంటుందా! పిన్నుతో పొడుస్తూ అమ్మ పడ్డ అవస్థ గుర్తున్నవాళ్లెవరూ దాని జోలికి వెళ్లరు.

చివరికి పెళ్లిళ్లకు వంటలు చేసే ఒకతని దగ్గర సూట్‌కేసు స్టవ్వు దొరికింది. విందుల్లో మన ఎదురుగా ఆమ్లెట్లు వేస్తారే, అది. పక్కనున్న అరలో పొడవాటి గ్యాసు డబ్బా పెట్టి మీట నొక్కితే సరి. వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉంటుంది కనక గిన్నె ఒరగదు. రెండు డబ్బాలూ ఇచ్చాడు. ఒక్కోదానిలో 220 గ్రాముల బ్యూటేన్. వరండాలోనే సబ్బునీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూసి, ఓసారి టీ పెట్టి మరీ తీసుకెళ్లాం. ఆ అరమీదకి వచ్చేంత పెద్ద గిన్నె మాత్రం పెట్టొద్దని అతను రెండుసార్లు చెప్పాడు. గిన్నె వేడికి డబ్బా కాగి పేలుతుందట.

గ్యాసు ఎంత పడుతుందో చిన్న లెక్క. లీటరు నీళ్లు మరగడానికి, గాలికి పోయేది పోగా, 15 గ్రాములు పట్టొచ్చు. అంటే ఓ డబ్బాకి పద్నాలుగు లీటర్లు. ఆరుగురికి రాత్రి అన్నం, పొద్దున టీలు సులువుగా అయిపోతాయి. వెయ్యి మీటర్ల ఎత్తున నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి పప్పు ఉడకడం కాస్త ఆలస్యం. చిన్న కుక్కరుంటే ఆ బాధ లేదు.

రాత్రి వంట చక్కగా అయింది. అసలు కథ తెల్లవారుజామున మూడున్నరకి. నోట్లోంచి పొగలొచ్చే చలి. స్టవ్వు వెలిగిస్తే మంట అరచేతి ఎత్తు లేచి, రెండు నిమిషాలకే దీపం వత్తిలా అయిపోయింది. డబ్బా ఊపితే లోపల గ్యాసు గలగలమంటూనే ఉంది! కారణం ఇదీ... బ్యూటేన్ సున్నాకి అర డిగ్రీ కిందకి దిగితే ఆవిరవడం మానేస్తుంది. బయట ఆరేడు డిగ్రీలే ఉన్నా, ఆవిరవుతున్న కొద్దీ డబ్బా తనంతట తనే చల్లబడుతుంది. సున్నాను తాకే లంబసింగి చలిలోనైతే వెలగడమే కష్టం.

నేను ఈ తర్జనభర్జనలో కారు దగ్గరికి వెళ్లొచ్చేసరికి బావ కొడుకు, పద్నాలుగేళ్లవాడు, స్టవ్వుని గుడారంలోకి తీసుకెళ్లాడు. గాలి తగలకుండా ఉంటుందని జిప్పు కూడా వేసేశాడు. లోపల దుప్పట్ల కింద ఇద్దరు చిన్నపిల్లలు నిద్రపోతున్నారు. గుడ్డ మీద నీలిమంట నీడ చూసి నాకు ఒళ్లు జలదరించింది. అరిచి, జిప్పు లాగి, స్టవ్వు బయటకి తెచ్చేసరికి ఓ నిమిషం గడిచి ఉంటుందంతే. మూసిన గుడారంలో మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. నిద్రపోయేవాళ్లు లేవరు. మంట ఆరి గ్యాసు లీకైతే అది గాలికన్నా బరువు కనక నేలబారున, పడుకున్న పిల్లల దగ్గరే పేరుకుంటుంది. వాణ్ణి తిట్టలేదు. తప్పు నాది, ముందే చెప్పాల్సింది. అక్క మాత్రం పిల్లలిద్దర్నీ లేపి, ముఖాలు తడిమి చూసుకుని, తెల్లారేదాకా ఒళ్లోనే పెట్టుకు కూర్చుంది.

రెండో డబ్బాని బావ చొక్కాలో దూర్చుకుని పావుగంట వెచ్చబెట్టాడు. గోరువెచ్చని నీళ్లలో పెట్టడం ఇంకా మంచి పద్ధతే గానీ, ఆ నీళ్లు కాగడానికే కదా ఈ పాట్లన్నీ! మంట మీద చూపించడం మాత్రం చావుతో చెలగాటం. కారు చాటున స్టవ్వు పెట్టాక నీళ్లు మరిగాయి.

ఇంటికొచ్చాక నేను గొట్టంతో వచ్చే మడతబెట్టే బర్నరు కొన్నాను. మరచుట్టు డబ్బా పక్కన విడిగా ఉంటుంది, గాలికి అడ్డు పెట్టుకున్నా అది వేడెక్కదు. డబ్బా నెత్తినే బిగించే రకం ఇంకా తేలిక, జేబులో పడుతుంది. కానీ పొడుగ్గా ఊగుతుంది, దానిచుట్టూ అడ్డుకట్ట కట్టకూడదు. ఈ డబ్బాల్లో ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపి ఉంటాయి. మొదటిది మైనస్ 12, రెండోది మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతాయి కనక చలికి మొరాయించవు. ధర ఎక్కువ, అన్ని ఊళ్లలో దొరకవు. కారులో వెళ్లే కుటుంబానికి, చలి మరీ ముదరని రోజుల్లో, సూట్‌కేసు స్టవ్వే హాయని ఇప్పటికీ నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు డబ్బాలు విశాఖలోనే కొనుక్కోండి. విమానంలో రానివ్వరు. రైల్లో తెస్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.

ఇంతకీ ఆ పొద్దున... నీళ్లు మరిగేదాకా ఆగలేక మావయ్య కట్టిచ్చిన హల్వా పొట్లం విప్పాం. గోధుమపాలు, పంచదార, నెయ్యి కలిపి కాచే ఆ హల్వాకి వందేళ్ల పైబడిన పేరు. చలికి నెయ్యి పేరుకుని గట్టిపడింది. చేత్తో విరుచుకుని తిన్నాం. టీ వచ్చేసరికి కిలో పొట్లం ఖాళీ! వంజంగి దిగి, ఖాళీ డబ్బాలు డిక్కీలో వేసుకుని, విశాఖలో ఎదురుచూసేవాళ్ల కోసం మళ్లీ మాడుగుల సెంటర్లో కారాపాల్సి వచ్చింది.